దెబ్బకు ముందు దీపం

మా ఊళ్ళో పంది చచ్చే ముందు దీపం చూసేది.

తెల్లవారుతుండగా కాళ్ళు కట్టిన పందిని బల్ల మీద పడేసి, మగవాళ్ళు దాని మీద బరువు వేసి కూర్చునేవాళ్ళు. పందులు కోసే బోంగ్‌యో అప్పుడు దీపం తెచ్చేది. ఇనప కొక్కేనికి వేలాడే నూనెదీపం. దాన్ని పంది ముఖం దగ్గర పట్టుకుని, చెవులూ, కళ్ళూ, ముట్టె అన్నీ నిదానంగా చూసేది. చూశాక దీపం పక్కన పెట్టేది. ఎడమచేత్తో గడ్డం ఎత్తిపట్టి, గొంతు మొదట్లోంచి గుండెదాకా ఒక్క పోటు. రెండో పోటు అవసరమయ్యేది కాదు. ఉప్పు వేసిన తొట్టిలోకి రక్తం నురగలు కక్కుతూ దూకేది.

"ఏం వదినా, పంది ఇంకా తల దువ్వుకోలేదా?" అని బల్ల మీదివాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు.

"తొందరలో నిన్ను పొడుస్తానేమోనని చూస్తున్నా. ఇద్దరూ ఒకేలా ఉన్నారు మరి" అనేది ఆమె.

ఆ కత్తులు నేనే చేసేవాణ్ణి. చైనాలో ఫూజియన్ కొండల్లో ఆ వాగు పొడుగునా కమ్మరి కొలిమి నాదొక్కటే. చక్రవర్తి పోయి, ఎవడి చేతిలో తుపాకి ఉంటే వాడే దొర అయిన రోజులవి. ఆడది పందుల్ని కోయడం మా వైపు లేదు. బోంగ్‌యో ఆ పనిలోకి ఎలా వచ్చిందో చెబితేనే మిగతాది తెలుస్తుంది.

వరుసగా ఆడపిల్లలు పుట్టిన ఇంట్లో ఆమె ఆఖరిది. 'సరే, పోనీ, పెంచుదాం' అన్నట్టుగా ఉండే పేరు పెట్టారు. మా ఊరి యాప్ వంశంలో కసాయి పని చేసే హ్వేథోకి ఇచ్చి చేశారు. మా ఊళ్ళో అందరూ యాప్‌లే. వాగు అవతల అందరూ ఖో వంశంవాళ్ళు. మధ్యలో రాళ్ళతో కట్టిన ఆనకట్ట. నీళ్ళు ఎటు తిరిగితే ఆ ఊరికి అన్నం. వానలు లేని ఏడు ఆ రాళ్ళ మీద ఎవడో ఒకడు చచ్చేవాడు.

అలాంటి ఒక ఏడు, పొద్దు గుంకే వేళ, ఆనకట్ట దగ్గర ఒక మనిషి కావడి మోసుకుంటూ కనిపించాడు. బుట్టలు బరువుగా ఊగుతున్నాయి. గట్టు తెగ్గొట్టడానికి వచ్చిన ఖో వాడనుకున్నారు మావాళ్ళు. మొదటి దెబ్బ హ్వేథోది. తర్వాత అందరివీ. పారలతో, కర్రలతో, రాళ్ళతో. దీపం తెచ్చి చూసేసరికి వాడు ఉప్పు అమ్ముకునేవాడు. తల ఎక్కడుందో బుట్ట ఎక్కడుందో తెలియకుండా ఉప్పంతా ఎర్రగా ముద్దయిపోయింది. అక్కడే గొయ్యి తీసి పాతారు. ఎవరూ నోరెత్తలేదు.

వానలు ఆలస్యంగా వచ్చాయి. మొదటి వానకే పొలం గట్టు మీద హ్వేథోని పిడుగు కొట్టింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. చేతిలో కత్తి కరిగి వంకర తిరిగింది. పిడుగు పడి చచ్చినవాడు మా దగ్గర నేరస్థుడే. వాడి పేరు వంశమందిరంలో పెట్టరు. ఊరంతా హాయిగా ఊపిరి పీల్చుకుంది. దెబ్బలు వేసింది అందరూ, శిక్ష పడింది ఒక్కడికి.

అత్తగారు గుమ్మంలో కూర్చుని గుండెలు బాదుకుంది. ఆవిడకి అప్పటికే కళ్ళు మసక. "నా కొడుకుని మింగావే! నీ కాలు ఇంట్లో పెట్టిననాడే అనుకున్నా!"

బోంగ్‌యో చంకలో చంటికొడుకుని ఎత్తుకుని నిలబడి ఉంది. "పిడుగుదొర చూసే కొట్టాడత్తయ్యా. మీ అబ్బాయే చూడకుండా కొట్టాడు."

ఆ మాట ఊళ్ళో చాలా రోజులు తిరిగింది. ఎందుకంటే పిడుగుదొర కథ మాకు పాలతోపాటు పట్టించిందే. పిడుగుదొరకి ముక్కు గద్దది, ఒక చేతిలో సుత్తి, ఒక చేతిలో ఉలి. అన్నం పారేసినవాణ్ణి, అమ్మని ఏడిపించినవాణ్ణి వెతికి కొడతాడు. పూర్వం ఒక కోడలు గుడ్డి అత్తకి అన్నం పెట్టి తాను పుచ్చకాయ తొక్కలు తినేదట. ఒకనాడు తొక్కల్లో తెల్లటి గుజ్జు చెత్తలో పారబోసింది. పొద్దు వాలింది, మబ్బు పట్టింది. పైనుంచి దొరకి అది అన్నంలా కనిపించింది. సుత్తి ఎత్తి ఒక్కటి వేశాడు. పిల్ల మాడిపోయింది. తర్వాత తెలిసింది తప్పని. దేవతల రాజు సిగ్గుపడి ఆ పిల్లనే పైకి పిలిచి, రెండు అద్దాలు చేతికిచ్చి, పిడుగుదొర పక్కనే నిలబెట్టాడు. 'ముందు నువ్వు వెలుగు చూపించు. నువ్వు చూపించనిదే వీడు కొట్టడానికి లేదు' అన్నాడు. అందుకే ముందు మెరుపు, వెనక పిడుగు. ఆమే మెరుపమ్మ.

మా ఊరి గుడిలో ఇద్దరూ పక్కపక్కన ఉంటారు. పళ్ళెం చుట్టూ పడ్డ మెతుకుల్ని మేం ఏరుకుని తినేది ఆ దొర భయంతోనే. పిల్లాణ్ణి కొట్టాలన్నా ముందు గుమ్మం దాకా ఈడ్చుకొచ్చి, వెలుతుర్లో ముఖం చూసి కొట్టాలి. ఆ ఈడ్చుకురావడంలో సగంమంది పారిపోయేవాళ్ళు. ఇంట్లో ఇంత నియమం ఉన్న ఊరు, ఆనకట్ట మీదికి వెళ్ళేసరికి అంతా మర్చిపోయేది.

బోంగ్‌యో మర్చిపోలేదు. వంకరపోయిన కత్తి పట్టుకుని నా కొలిమికి వచ్చింది. "తమ్ముడూ, దీన్ని సాగదీసి మళ్ళీ కత్తి చెయ్యి. దీపానికి ఒక కొక్కెం కూడా చెయ్యి."

"పిడుగు తిన్న ఇనుము అక్కా. ముట్టుకోకూడదంటారు."

"నువ్వు ముట్టుకుంటున్నావుగా. నిప్పులోది నిప్పులోనే బాగవుతుంది. కానివ్వు."

ఆ కత్తితోనే పందులు కోసి కొడుకుని పెంచింది. వాడి పేరు బోక్‌సెంగ్. తల్లిలా మాట తక్కువ, చేతిపని ఎక్కువ. గట్టు మీద తుప్పలు కొట్టడానికి వాడికో కొడవలి చేసిచ్చాను. దాని మొదట్లో నా గుర్తు, ఒక చిన్న చేప.

మళ్ళీ వానలు లేని ఏడు వచ్చింది. నాట్లు ఎండిపోతున్నాయి. తెల్లారే పొగమంచులో బోక్‌సెంగ్, వాడి చిన్నాన్న కొడుకు తియోంగ్ ఆనకట్టకి కాపలా వెళ్ళారు. అవతలనుంచి ఖో వాళ్ళు వచ్చారు. కేకలు వినపడి మేం పరిగెత్తేసరికి తియోంగ్ ఎదురొచ్చాడు, కాళ్ళు బురద, చేతులు ఖాళీ. బోక్‌సెంగ్ రాళ్ళ మధ్య బోర్లా పడి ఉన్నాడు. వెనకనుంచి పార దెబ్బ. మెడ సగం తెగి తల పక్కకి వాలిపోయింది. నీళ్ళు ఆ సందులోంచి లోపలికి పోయి ఎర్రగా బయటికొస్తున్నాయి. కొడవలి కనిపించలేదు.

బోంగ్‌యో వచ్చింది. ఏడవలేదు. తలని సరిగ్గా పెట్టి, మెడ చుట్టూ తన నడుం గుడ్డ చుట్టి కట్టింది.

"ఎవరు?" అని తియోంగ్‌ని అడిగింది.

"చూళ్ళేదు పెద్దమ్మా. పొగమంచు."

"నువ్వెక్కడున్నావు?"

వాడు జనం వైపు తిరిగాడు. మరుక్షణం అందరికంటే పెద్ద గొంతుతో అరిచాడు. "ఒక్కణ్ణి కూడా వదలకూడదు! ఇవాళే! రక్తానికి రక్తం!"

మావాళ్ళు వెతకడానికి పోయారు. మధ్యాహ్నానికి ఒకణ్ణి పట్టుకొచ్చారు. పందుల్ని మోసే వెదురు బుట్టలో మడిచి కుక్కి, బొంగుకి వేలాడదీసి తెచ్చారు. నోట్లో గడ్డి కుక్కారు, శాపం పెట్టకుండా. ముఖానికి కోడి రక్తం పూశారు. యముడి దగ్గరికి పోయినవాడు తన ముఖం చూపించి సాక్ష్యం చెప్పకుండా అలా పూయడం మా వాడుక. మంచు ఇంకా విడలేదు. గుడి లోపల చీకటిగా ఉంది. డప్పు మోగుతోంది. డప్పు మోగిందంటే పిడుగుదొరని పిలిచినట్టే. పిలిచాక ఉత్తచేతులతో పంపకూడదు.

వంశపెద్ద సెక్‌ఖెంగ్ బోంగ్‌యోకి కత్తి అందించాడు. చదువుకున్నవాడు, తెల్లగడ్డం, ఎప్పుడూ మాటే గానీ చెయ్యి ఎత్తి ఎరగడు. "అమ్మాయ్, మొదటి పోటు తల్లిది. తర్వాత వంశానిది."

ఆమె కత్తి తీసుకుంది. బుట్ట దగ్గరికి వెళ్ళింది. ఆగింది.

"దీపం తెండి. నీళ్ళు తెండి."

"ఎందుకూ?"

"ముఖం చూడాలి."

"పెద్దమ్మా, డప్పు మోగాక ఏం చూస్తావు!" తియోంగ్ పార నేలకేసి కొట్టాడు. "వీడు ఆనకట్ట కిందే దొరికాడు. పొడుగాటి ఈటె పట్టుకుని పరిగెడుతున్నాడు. నేను చూశా!"

"పొద్దున నీకేం కనపడలేదన్నావుగా. మధ్యాహ్నానికి కళ్ళొచ్చాయా?"

ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఆమె ఎవరికోసమూ ఎదురుచూడకుండా మెరుపమ్మ ముందున్న దీపం తీసుకుంది. కలశంలో నీళ్ళు వాడి ముఖం మీద గుమ్మరించి చేత్తో తుడిచింది. దీపం దగ్గరగా పట్టింది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రెండో కన్ను పిచ్చిగా తిరుగుతోంది. నోట్లో గడ్డి లాగేసరికి పళ్ళతోపాటు రక్తం కారింది.

"ఇతను బాతులవాడు" అంది. "ప్రతి ఏడూ కోతలయ్యాక మన పొలాల్లో బాతులు మేపుతాడు. నాకు గుడ్లు ఇచ్చిపోతాడు. అది ఈటె కాదు, బాతుల్ని తోలే వెదురుకర్ర. విప్పండి."

గుడిలో గుసగుస లేచింది. సెక్‌ఖెంగ్ గడ్డం నిమిరాడు. "అయితే అయ్యాడు. దొరని పిలిచాం. వట్టిచేతులతో పంపుతామా? వీడు మాత్రం అవతలి గట్టువాడు కాదా?"

"నా కొడుకుని చంపినవాడు కావాలి పెద్దాయనా. వాడే. ఇంకొకడు నాకొద్దు."

"ముసలాయన చెప్పాడుగా! జరుగు!" అంటూ తియోంగ్ పార ఎత్తాడు. ఆమె జరగలేదు. దీపం పట్టుకుని వాడివైపు తిరిగింది. బాతులవాడి నెత్తిన పడాల్సిన పార అంచు ఆమె ముఖం మీద పడింది.

నుదుటినుంచి చెంపదాకా చీరుకుపోయింది. ఎడమ కన్ను గుంటలోంచి జారి చెంప మీదికి వచ్చింది. దీపం కిందపడి నూనె మండింది. ఆ మంట వెలుగులో అందరికీ అంతా కనపడింది. డప్పువాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

గోడవార కూర్చున్న అత్తగారికి కళ్ళు మసకే, చెవులు కావు. "ఎవరికి తగిలింది? ఏమర్రా, దెబ్బ ఎవరి మీద పడింది?"

ఆవిడ గోడ పట్టుకుని లేచింది.

"నోళ్ళు పడిపోయాయా? ఎవరికి?"

"మీ కోడలికి" అన్నాను నేను.

 ఆవిడ మెల్లగా అంది. "మళ్ళీ కోడల్నే కొట్టారా? తప్పు మనిషినే కొట్టారా? ఎన్నిసార్లు కొడతార్రా ఆ పిల్లని?"

ఆ మాటతో గుడిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి పైకి చూశారు. పిడుగుదొర సుత్తి ఎత్తి ఉన్నాడు. పక్కన మెరుపమ్మ. ఆవిడ ముందు దీపం లేదు. తియోంగ్ పార వదిలేసి మోకాళ్ళ మీద పడి, నేలకేసి తల బాదుకోవడం మొదలెట్టాడు. ఎవరూ వాణ్ణి ఆపలేదు.

బోంగ్‌యో చెంప మీద ఉన్నదాన్ని అరచేత్తో నొక్కిపట్టి నేల మీద కూర్చుంది. "కట్లు విప్పండి" అంది మళ్ళీ. విప్పారు. బాతులవాడు కుంటుకుంటూ మంచులోకి పారిపోయాడు. వాడి బాతులు మా పొలాల్లోనే తిరిగాయి. అవి ఎండిపోతున్న నాట్లు తొక్కేసినా ఎవరూ ఒక్కదాన్ని కూడా పట్టుకోలేదు. చాలా రోజులకి భయపడుతూ వచ్చి తోలుకుపోయాడు.

వంశపెద్దకి తప్పించుకునే దారి లేదు. తప్పు మనిషిని కొడితే దేవతల రాజు ఏం చేశాడో ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. అగరొత్తులు వెలిగించి, గుడిలో అందరి ముందూ మాటిచ్చాడు. ఇకమీదట బోంగ్‌యో దీపం పట్టి 'ఇతనే' అనకుండా యాప్ వాడెవడూ చెయ్యి ఎత్తకూడదు. ముఖానికి రక్తం పూయకూడదు. నోట్లో గడ్డి కుక్కకూడదు.

ఆమె గాయానికి కట్టుతోనే విన్నది. "మంచిది. అయితే వెతకండి" అంది.

పంటకాలం దాటాక పడవరేవులో ఒక ఖో మనిషి కొడవలితో వెదురు చెక్కుతున్నాడు. నేను మేకులు దింపుకోవడానికి వెళ్ళాను. కొడవలి మొదట్లో నా చేపగుర్తు. అక్కడ నేనేం అనలేదు. ఊరికొచ్చి బోంగ్‌యోతో ఒక్కతెతోనే చెప్పాను. ఆమె వంశపెద్దకి చెప్పింది. మావాళ్ళు వెళ్ళి వాణ్ణి రేవులోంచి లాక్కొచ్చారు. దారిలో ఎవరూ కొట్టలేదు.

వాడి పేరు ఖో తెక్. స్ఫోటకం మచ్చలు, వెడల్పాటి భుజాలు. గుడి గుమ్మం ముందు, ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఎండ ఉన్నా ఆమె దీపం వెలిగించి తెచ్చింది. ఒక కంటితో చూడటానికి బాగా దగ్గరగా వంగింది.

"ఈ కొడవలి ఎవరిది?"

"ఆనకట్ట మీద పడి చచ్చినవాడిది."

"నువ్వేనా కొట్టింది?"

వాడు అబద్ధం ఆడతాడనుకున్నాం. "నేనే."

"చూసి కొట్టావా?"

"పొగమంచులో ఏం కనపడుతుంది అత్తా? అక్కడ ముందు కొట్టినవాడే ఇంటికెళ్తాడు. నేను ముందు కొట్టా."

"ఎవరనుకున్నావు?"

"ఎవరనీ అనుకోలేదు. యాప్ వాడు. అంతే."

ఆమె లేచింది. "ఇతనే" అంది.

జనంలోంచి ఒక్క మూలుగు లేచింది, ఆకలేసిన పశువులాగ. సెక్‌ఖెంగ్ పిడుగు తిన్న ఆ పాత కత్తినే తెప్పించి చాచాడు. "తీసుకో అమ్మాయ్. నీ చెయ్యి శుద్ధమైన చెయ్యి. ఒక్క పోటు."

"నేను దీపం పట్టుకోవాలి పెద్దాయనా. పోటుకి రెండు చేతులూ కావాలి. నాకున్నవి రెండే." జనం వైపు తిరిగింది. "కొట్టేవాళ్ళు రండి. ఒక్కొక్కరే రండి. ముఖం చూసి కొట్టండి."

అందరూ ఒక్కసారిగా మీదపడటం మాకు తెలుసు. ఒక్కొక్కరే వెళ్ళడం తెలియదు. తియోంగ్‌ని నలుగురూ ముందుకు తోశారు. వాడు పార ఎత్తాడు. దీపం ఖో తెక్ ముఖం మీద ఉంది. ఆ దీపం వెనక, పెద్దమ్మ ముఖం మీద తన పార గీసిన గీత కూడా ఉంది. పార తియోంగ్ చేతుల్లోంచి జారి తన కాలి మీదే పడింది. కుంటుతూ వెనక్కి పోయాడు. ఇంకొకడు వచ్చాడు. "నీకు పిల్లలున్నారా?" అని ఖో తెక్‌ని అడిగాడు. అడగకూడని మాట అది. జవాబు వినకుండానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

బోంగ్‌యో వద్దనలేదు. వదిలేయమనీ అనలేదు. దీపం మాత్రం దించలేదు.

"మాట మీది పెద్దాయనా" అంది చివరికి. "ఇన్నేళ్ళూ మీరు చెబితే వీళ్ళు కొట్టారు. దెబ్బ కూడా మీదే కావాలి కదా."

ఇంతమంది ముందు కాదంటే ఆయన వంశపెద్ద కాడు. సెక్‌ఖెంగ్ పొడుగుచొక్కా చేతులు మడిచి, కిందపడ్డ పార ఎత్తాడు. ఎత్తడమే రాదు. మొదటి దెబ్బకి ఖో తెక్ భుజం విరిగింది. అప్పటిదాకా బింకంగా ఉన్నవాడు, అమ్మా అని అరిచాడు. రెండో దెబ్బకి చెవి తెగిపోయింది. ఆయన కళ్ళు మూసుకుని మళ్ళీ ఎత్తాడు.

"చూసి కొట్టండి" అంది ఆమె.

ఆయన కళ్ళు తెరిచి కొట్టాడు. ఇంకా కొట్టాడు. ఎముక కనపడుతోంది గానీ ప్రాణం పోవడం లేదు. ఆ పంది అరుపులాంటి అరుపుకి గుడి వెనక ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. పిల్లల్ని లోపలికి లాక్కుపోయారు.  దీపం మాత్రం కదల్లేదు. చివరికి తలకాయ పగిలి అరుపు ఆగింది. సెక్‌ఖెంగ్ గడ్డం నిండా రక్తం. పార వదలడానికి వేళ్ళు రాక ఒక్కొక్కటే మేం విడదీశాం.

బోంగ్‌యో దీపం గుమ్మంలో పెట్టి నీళ్ళు తెచ్చుకుంది. చచ్చినవాడి ముఖం కడిగింది. చెవిని దాని చోట పెట్టి, తలకి గుడ్డ చుట్టి కట్టింది. కొడుకు మెడకి ఎలా కట్టిందో అలాగే.

"ఎందుకే ఆ దిక్కుమాలినవాడికి?" అంది అత్తగారు.

"వాళ్ళమ్మ చూస్తుంది కదత్తయ్యా."

తలుపు చెక్క మీద పడుకోబెట్టి ఆనకట్ట దాకా మోసుకెళ్ళి పెట్టారు. అటువాళ్ళు వచ్చి తీసుకుపోయారు. కడిగిన ముఖం చూసి వాళ్ళు చాలాసేపు కదల్లేదట. ఆ వారమే సెక్‌ఖెంగ్ ఒక్కడే, చేతికర్ర పట్టుకుని, ఆనకట్ట దాటి ఖో వాళ్ళ ఊరు వెళ్ళాడు. చంపుతారనుకున్నాం. చంపలేదు. నీళ్ళు ఎంతసేపు ఎటు వదలాలో అగరొత్తి కాలేంత సేపుగా పంచుకున్నారు. తర్వాత కూడా రాళ్ళు విసురుకున్నారు, కుక్కల్ని చంపుకున్నారు, తిట్టుకోని రోజు లేదు. ఎక్కువసేపు కాలాలని అగరొత్తి తడిపారని ఒకసారి పళ్ళు రాలగొట్టుకున్నారు. మనిషి ప్రాణం మాత్రం ఆనకట్ట మీద పోలేదు. ఎవడైనా పార ఎత్తితే పక్కనున్నవాడు, "దీపం తెమ్మంటావా?" అనేవాడు.

ఖో తెక్‌ని చంపిన మర్నాడు పొద్దున బోంగ్‌యో నా కొలిమికి వచ్చింది. దీపం కొక్కెం వంగిపోయి ఉంది. అంత గట్టిగా పట్టుకుందని అప్పుడే నాకు తెలిసింది.

"దీన్ని సరిచెయ్యి తమ్ముడూ. కాస్త పొడుగు కూడా చెయ్యి. ఒక కంటికి దూరం తెలియడం లేదు. నిన్న అతని కనుబొమ్మలు కాల్చేశాను."

కొక్కేన్ని ఎర్రగా కాల్చి, సాగదీసి, నీళ్ళలో ముంచి ఇచ్చాను. పట్టి చూసుకుంది.  సెక్‌ఖెంగ్ వాళ్ళింట్లో పంది కట్టేసి ఉందని చెప్పి వెళ్ళిపోయింది.